అల్లుడి ఆటకి టిక్కెట్టేంటి?

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే తిరుపతిరావు సాయంత్రం రాబోయే లాభాన్ని ఖర్చు పెట్టేశాడు. ఆటోనగర్‌లో తన లారీ విడిభాగాల కొట్టుకు పై అంతస్తు, భార్యకు గాజులు, తనకు కొత్త కారు. కొట్టు మాత్రం ప్రస్తుతం బ్యాంకు తాకట్టులో ఉంది.

ఆ అప్పుతో అతను కొన్నది ఒక ఫుట్‌బాల్ మ్యాచ్. సొంత ఊళ్లో టిక్కెట్ల మీద వచ్చే డబ్బు కంటే ఎక్కువే కోళిక్కోడ్ జట్టు చేతిలో ముందుగానే పెట్టి, ఆ జట్టు షిల్లాంగ్‌తో అక్కడ ఆడాల్సిన ఆటను విజయవాడకు రప్పించాడు. రెండు జట్లకూ సొంతం కాని మైదానం. టిక్కెట్ల డబ్బులో సగం లీగుది, సగం అతనిది. లీగు షరతు ఒకటే: ఊరు ఒక జట్టు వైపే మొగ్గితే మ్యాచ్ రద్దు. ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు.

"ఎన్ని టిక్కెట్లు తెగాయండీ?" అంది భార్య వెంకటరత్నమ్మ.

"రెండు. పార్కింగ్ కాంట్రాక్టరు, వాళ్లావిడ."

"తెగవు మరి. అటు మనవాడు లేడు, ఇటు మనవాడు లేడు. ఎవరు ఓడితే ఏడవాలని వస్తారు జనం?"

తిరుపతిరావు వెంటనే పామర్రులో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఏరా జక్కయ్యా, షిల్లాంగ్ కెప్టెన్ మీ పామర్రు అల్లుడంట కదా! నాకు చెప్పనే లేదు?"

"ఏ ఇంటి అల్లుడు బావా?"

"నన్నడుగుతావేంట్రా? మీ ఊరు, మీ అల్లుడు!"

ఊరి అల్లుడు ఎవరో తెలియదని చెప్పుకోవడం పామర్రులో పరువు తక్కువ. టిఫిన్ల వేళకే మూడు కుటుంబాలు అతను తమవాడేనని ఒప్పుకున్నాయి. మధ్యాహ్నానికి లారీల్లో జనం, "పామర్రు అల్లుడికి స్వాగతం" అంటూ ఫ్లెక్సీలు స్టేడియం చేరాయి.

లీగు పంపిన పరిశీలకురాలు ఎలిజబెత్ ఆ ఫ్లెక్సీలు చూసి ఆగిపోయింది. ఆమెది గుంటూరు.

"ఇది షిల్లాంగ్ వాళ్ల సొంత మైదానమా, తిరుపతిరావుగారూ? ఆట మొదలయ్యేసరికి రెండో జట్టుకీ ఇంత జనం కనబడాలి. లేదంటే రద్దు చేస్తానండీ."

తిరుపతిరావు చెమట తుడుచుకుంటూ కొండపల్లిలో బొమ్మల కొట్టు నడిపే సంపూర్ణమ్మకు ఫోన్ కలిపాడు.

"కోళిక్కోడ్ గోల్‌కీపర్ మీ ఊరి అల్లుడటండీ. పామర్రోళ్లు వాళ్ల అల్లుడి కోసం లారీలు కట్టుకొచ్చారు. మీవాడేమో దిక్కులు చూస్తున్నాడు పాపం."

"అయ్యయ్యో! మేం బతికుండగానా? వస్తున్నామని చెప్పండి!"

సాయంత్రానికి స్టేడియం నిండిపోయింది. ఎలిజబెత్ రెండు వైపులా చూసి తల ఊపింది. తిరుపతిరావు ఈల వేసుకుంటూ టిక్కెట్ల కౌంటరుకు వెళ్లాడు. అక్కడ ఈగలు తప్ప ఎవరూ లేరు. మెయిన్ గేటు బార్లా తెరిచి, జక్కయ్య అందరినీ చేతులు జోడించి లోపలికి పంపుతున్నాడు.

"టిక్కెట్లేవిరా?"

"అల్లుడి ఆటకి టిక్కెట్టేంటి బావా? ఇంటి ఫంక్షన్‌కి ఎవరైనా టిక్కెట్టు కొనుక్కుని వెళ్తారా?"

తిండి స్టాళ్లూ ఖాళీయే. ప్రతి చేతిలోనూ ఇంటి క్యారియరు ఉంది. ఆటగాళ్ల గదుల్లో గారెలు, కోడి పలావు, బొబ్బట్లు వడ్డిస్తున్నారు. తనకసలు పెళ్లే కాలేదని షిల్లాంగ్ కెప్టెన్ చేతులూపి మొత్తుకున్నాడు.

"కొత్త అల్లుడికి ఆమాత్రం సిగ్గుంటుందిలే, ఇంకో గారె వెయ్యండి" అంది ఓ పెద్దావిడ.

గోల్‌కీపర్‌కు సంపూర్ణమ్మ ఇంకో రెండు వేసింది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆట అనలేం. బంతి మైదానం మధ్యలో ఆగింది. దాని దాకా పరిగెత్తే ఓపిక ఏ జట్టులోనూ లేదు. గోల్‌కీపర్ స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. అటు నుంచి కొట్టేవాడూ లేకపోవడంతో ప్రమాదం జరగలేదు. సున్నా, సున్నా.

"ఇంత సమానంగా సాగిన ఆట నేనెక్కడా చూళ్లేదండీ" అంది ఎలిజబెత్. "ఇక టిక్కెట్ల లెక్క చెప్పండి."

"రెండు."

ఆమె ఒక టిక్కెట్టు డబ్బు తీసుకుని, రశీదు రాసిచ్చి వెళ్లిపోయింది.

కొట్టు పోయినట్టేననుకుంటూ తిరుపతిరావు గేటు దగ్గర కూలబడ్డాడు. ఆ పక్కనే బల్ల వేసుకుని, కుంకుమ భరిణె ముందు పెట్టుకుని, ఉబ్బిన బియ్యం సంచీ మూతి కడుతోంది వెంకటరత్నమ్మ.

"ఏంటే అది?"

"చదివింపులండీ. వచ్చినవాళ్లంతా ఎక్కడ చదివించాలని అడుగుతుంటే బల్ల వేసుక్కూర్చున్నా. ఇంటి ఫంక్షన్‌కొచ్చి ఉత్త చేతుల్తో పోతారా ఏంటి?"

తిరుపతిరావు సంచీ ఎత్తబోయాడు, లేవలేదు. కొట్టు విడిపించుకోగా పై అంతస్తుకూ సరిపోయేలా ఉంది.

"మరి లీగుకి సగం?" అన్నాడు గుసగుసగా.

"కాగితంలో టిక్కెట్లన్నారు గానీ చదివింపులనలేదుగా! కాకపోతే వీళ్లందరి ఇళ్లలో పెళ్లిళ్లకీ మనం ఇంతకింత తిరిగి చదివించాలండోయ్."

కొట్టు విడిపించుకున్న వారానికే తిరుపతిరావు మళ్లీ బ్యాంకు మెట్లెక్కాడు. పామర్రులోనూ కొండపల్లిలోనూ ముహూర్తాలు మొదలయ్యాయి.