పద్నాలుగు మిల్లీమీటర్ల నిజం

ఆ ఉదయం టైపిస్టు అనుకున్న పని చిన్నదే. వారం నుంచి సతాయిస్తున్న కడుపునొప్పికి, రోగులు రాకముందే తాను పనిచేసే సెంటర్లోనే స్కాన్ తీయించుకుని, తొమ్మిదికల్లా కుర్చీలో కూర్చోవాలి. స్కాన్ డాక్టరు పొట్టమీద జెల్ రాసి, తెర చూస్తూ చెప్పుకుపోయాడు. "లోపల లింఫు గ్రంథులు కొన్ని వాచాయి. పెద్దది పద్నాలుగు మిల్లీమీటర్లు. కంగారేం లేదు." ఇంకో ఆస్పత్రికి టైమైందని అటునుంచటే వెళ్లిపోయాడు.

"కంగారేం లేదు" అని ఆయన అందరితోనూ అంటాడని టైపిస్టుకు ఎనిమిదేళ్లుగా తెలుసు. తన రిపోర్టు తానే టైపు చేసుకున్నాడు. చివర "పెద్ద డాక్టరుకు చూపించి తప్పక నిర్ధారించుకోవాలి" అన్న వాక్యం చదవగానే కుర్చీలోంచి లేచిపోయాడు. సెలవు పెట్టి ఇంటికొచ్చేశాడు.

నిజంగానే భయపడ్డాడు పాపం. పోయేముందు మనసులో ఏదీ దాచుకోకూడదనుకుని భార్యను కూర్చోబెట్టాడు.

"ఏమోయ్, ఆరేళ్ల కిందట మీ అమ్మగారి చిలుక దానంతటది ఎగిరిపోలేదు. పంజరం తలుపు నేనే తీశాను."

తెల్లారీ తెల్లారకముందే అచ్చం అత్తగారి గొంతుతో "అల్లుడుగారూ, లేచారా?" అని ప్రాణం తీసిన చిలుక అది.

"అయ్యో! ఎదురింటి పిన్నిగారు కాజేశారని అమ్మ ఇన్నాళ్లూ ఆవిడతో మాట్లాడ్డం లేదు కదండీ!"

పక్కగదిలోంచి అంతా విన్న అత్తగారు చెప్పులేసుకుని ఎదురింటికి క్షమాపణ చెప్పడానికి వెళ్లారు.

మర్నాడు టైపిస్టు రిపోర్టు పట్టుకుని స్కాన్ డాక్టరు ముందు నిలబడ్డాడు.

"సార్, నాకింకా ఎంత టైముంది?"

"దేనికయ్యా? పోయిన వారం విరేచనాలని సెలవు పెట్టావుగా. ఆ ఇన్‌ఫెక్షన్‌కే వాచాయి. రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి."

"మరి చివర్లో అలా ఉందేంటండీ?"

"అది నేనెక్కడ చెప్పాను? ప్రతి రిపోర్టు కిందా ఒక్క మీట నొక్కి నువ్వే పెడతావు కదా!"

సాయంత్రం ఈల వేసుకుంటూ ఇల్లు చేరిన టైపిస్టు గడపలోనే ఆగిపోయాడు.

"అల్లుడుగారూ, లేచారా?"

అత్తగారు ఎదురుగా సోఫాలోనే ఉన్నారు, నోరు మెదపలేదు. గొంతు వచ్చింది పడగ్గదిలోంచి.

"ఆ రోజు అది మా పెరట్లోనే వాలింది బాబూ," అన్నారు అత్తగారి పక్కనే కూర్చున్న ఎదురింటి పిన్నిగారు. "తెచ్చిచ్చేద్దామనుకునేలోపే మీ అత్తగారు నన్ను దొంగనేశారు. ఆ రోషంకొద్దీ మా చెల్లెలింట్లో ఉంచేశాను."

"మీరు మనసు విప్పబట్టే దొరికింది," అంటూ అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. "మీ మంచం పక్కనే వేలాడదీశాను. ఈసారి తాళం నా దగ్గరుంటుంది బాబూ."

గ్రంథుల వాపు రెండు వారాల్లో తగ్గిపోయింది. చిలుక మాత్రం ఇంకో పాతికేళ్లు బతుకుతుందట.