డిపెండెంట్లు లేని సర్వర్

మా గని కార్యాలయంలో పెండింగ్ అర్జీల సంఖ్య సున్నాకు చేరిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. తొంభై తొమ్మిదిలో చంద్రపూర్‌కు లినక్స్ సర్వర్‌నూ, దానికి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా నన్నూ ప్రసాదించిన ఆర్థిక సరళీకరణకే ఈ ఘనత దక్కాలి. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, మరాఠీ చదవటం వచ్చు, ఇంగ్లిష్ వచ్చినట్టు కనిపించడం ఇంకా బాగా వచ్చు. పైగా నాగపూర్‌లో కోర్సు చేశాను.

సర్వర్ రాగానే అర్జీలన్నీ అందులోకి ఎక్కించి, కాగితాలను పాత పేపర్లవాడికి ఇచ్చేశాం. గనిలో చనిపోయిన భర్త మొగిలి బదులు కొడుకు నాగేష్‌కు డిపెండెంట్ ఉద్యోగం ఇవ్వాలన్న ఈరమ్మ అర్జీ కూడా అందులోనే ఉంది. కొత్త అర్జీలు తీసుకోవడం ఆపేశారు, పాతవి మాత్రం చూస్తామన్నారు. ఈరమ్మది మా లాల్‌పేట్ బస్తీయే. కనిపించినప్పుడల్లా "కంప్యూటర్ల ఉంది చిన్నమ్మా, యాడికి పోదు" అని ధైర్యం చెప్పేవాణ్ణి.

ఒకరోజు డిస్కు నిండిపోయింది. మా అధికారి అనంతరావు సాహెబ్ సమావేశం పెట్టి, "పని కనబడనోళ్లంత సర్‌ప్లసే. మనుషులకు గదే రూలు, మిషిన్లకు గదే రూలు" అని ఉపన్యసించారు. నేను సర్వర్‌లోని ప్రోగ్రాముల ప్యాకేజీలన్నీ గాలించి జీలిబ్‌సీ అనేదాన్ని పట్టుకున్నాను. బోలెడు చోటు ఆక్రమించింది, ఏ పనీ చేస్తున్నట్టు నేనెన్నడూ చూడలేదు. తీసెయ్యబోతే, డిపెండెన్సీలు దెబ్బతింటాయంటూ తెర నిండా పేర్లు చూపించింది.

గనుల ఊళ్లో ఆ మాటకు ఒకటే అర్థం. సాహెబ్ తెర చూసి, "గీళ్లంత దాని కొలువు కోసం లైన్ల నిలబడ్డరు. డిపెండెంట్ కొలువులు బంద్ జేసినం గద" అన్నారు. నేనూ అలాగే అర్థం చేసుకున్నాను. కోర్సు చేసినవాణ్ణి గనక ఇంకాస్త గట్టిగా అర్థం చేసుకున్నాను. ఆ కమాండ్‌కు 'నోడెప్స్' అని తగిలిస్తే డిపెండెంట్ల గోల పట్టించుకోకుండా తీసేస్తుందని మనవి చేశాను. "మిషిన్‌కు గూడ మన పాలసీ తెల్సు" అని సాహెబ్ మురిసిపోయారు. ఎంటర్ నొక్కాను.

ఆ తర్వాత ఏ కమాండ్ కొట్టినా సర్వర్ పలకలేదు. ప్రోగ్రాములన్నీ ఆ జీలిబ్‌సీ మీదే బతుకుతున్నాయట. కోర్సులో నాకు ఒంటబట్టిన వైద్యం ఒక్కటే: డిస్కంతా చెరిపి మళ్లీ మొదటినుంచి ఎక్కించడం. అదే చేశాను. డిస్కులో కావలసినంత చోటు, పెండింగ్‌లో సున్నా అర్జీలు. సాహెబ్ నాకు శాలువా కప్పారు.

మర్నాడు ఈరమ్మ వచ్చింది. అర్జీ పోయిందని, కొత్తది తీసుకోరని చెప్పాను. ఆమె నన్నే చూస్తూ, "మీ నాయిన గనిపనికి అన్‌ఫిట్ అయితెనే గద ఆయన బదులు నీకు గీ కొలువొచ్చింది, బిడ్డా" అంది.

నాకు నిజంగానే సిగ్గేసింది. సిగ్గుపడ్డప్పుడు ఇంగ్లిష్ మాట ఒకటి అడ్డం పెట్టుకోవడం నా అలవాటు. "అది పాత వెర్షన్, చిన్నమ్మా" అన్నాను.

ఆమెకు ఏమీ అర్థం కాలేదు, తలూపి వెళ్లిపోయింది. మీకు అంతా అర్థమైంది. మీరూ తలూపారు.