కుడి చేతికి కట్టు

ఆ శనివారం పొద్దున కాఫీ తాగుతూ యోగానంద్ గారు గట్టి నిర్ణయం తీసుకున్నారు. ఇవాళ ఎలాగైనా తెర మొదలుపెట్టాలి. వచ్చే వారం స్కూల్ ఆడిటోరియంలో, అమెరికాలోని ఎడిసన్ ఊరి తెలుగు సంఘం వాళ్ల సీతారామ కల్యాణం. వేదిక వెనక కట్టే తెర మీద బొమ్మ తనే వేస్తానని మాటిచ్చారాయన. రిటైరైన కెమికల్ ఇంజనీరే అయినా ఊళ్లో అందరూ ఆయన్ని ఆర్టిస్ట్ అంకుల్ అంటారు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

చిక్కల్లా ఒకటే. తెర దాదాపు అయిపోయిందని ఆయన అందరికీ ఎప్పుడో చెప్పేశారు. కళాకారుడికి మూడ్ రావాలి కదా, చలికాలమంతా రాలేదు. పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదని గరాజ్‌కి తాళం వేశారు. దాంతో ఆయన భార్య ఆండాళ్ కారు బయటే ఉండిపోయింది. పాపం ఆవిడ రోజూ పొద్దున్నే అద్దం మీద మంచు గీక్కుని ఆఫీసుకు వెళ్లేది.

గుడ్డ చుట్టను భుజాన వేసుకుని గరాజ్ మెట్టు దిగబోయి యోగానంద్ గారు జారి పడ్డారు. ఎడమ మణికట్టు మీద బరువంతా పడింది. ఆండాళ్ అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్లింది. ఎముక విరగలేదు, బెణికిందని మణికట్టుకు పట్టీ బిగించి, మెడకు ఒక జోలె తగిలించి, చెయ్యి అందులో పెట్టి పంపారు.

"బ్రష్ పట్టుకునే చెయ్యి కాదు, నయం. దేవుడు చల్లగా చూశాడు," అంది ఆండాళ్ డ్రైవ్ చేస్తూ.

దేవుడు మరీ అంత చల్లగా చూడకపోయినా బాగుండేదని ఆయనకు అనిపించింది. అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

ఎడిసన్‌లో ఒక తెలుగువాడు తుమ్మితే వాట్సాప్‌లో పదిమంది నూరేళ్లు అంటారు. ఇంటికి చేరేసరికే సంఘం సెక్రటరీ కృష్ణవేణి ఫోన్.

"అంకుల్, చేతికి దెబ్బ తగిలిందంట కదా. ఏ చెయ్యి? పెయింట్ చేసేదా?"

"అదేనమ్మా," అన్నారాయన.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. యోగానంద్ గారికి ఒకే పూటలో రెండూ జారాయి.

"అయ్యో. మీరు వంటా గింటా పెట్టుకోకండి. మేం ఫుడ్ తీసుకుని వచ్చేస్తున్నాం, ఆన్ ద వే," అని ఆవిడ పెట్టేసింది.

కారు తలుపు చప్పుడు వినేసరికి యోగానంద్ గారు జోలెను కుడి చేతికి మార్చుకున్నారు. ఎడమ చేతి పట్టీ కనపడకుండా శాలువా కప్పుకున్నారు. ఆండాళ్ కళ్లు పెద్దవయ్యాయి.

"అదేంటండీ, ఆ చేతికెందుకు?"

"ఫినిషింగ్‌కి టైమ్ కావాలోయ్. నువ్వేం మాట్లాడకు, ప్లీజ్."

"నేనా? నాకు సిగ్గేస్తోంది," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

కృష్ణవేణి పులిహోర, గోంగూర పప్పు, పెరుగన్నం మోసుకొచ్చింది. వెంట యోగానంద్ గారి స్నేహితుడు డాక్టర్ వీరభద్రం. ఈయన రిటైరైన గుండె డాక్టరు కాబట్టి ఎముకల గురించి ఇంకా ధైర్యంగా మాట్లాడతాడు.

"వేళ్లు కదుపు," అన్నాడు వీరభద్రం కుడి చెయ్యి నొక్కుతూ. నొప్పి లేని చోట మూలగడం ఎంత కష్టమో యోగానంద్ గారికి అప్పుడు తెలిసింది. మూలుగు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. వీరభద్రం అనుమానంగా చూసి, "ఏదీ, పల్స్ చూద్దాం," అంటూ శాలువాలో చెయ్యి పెట్టి ఎడమ మణికట్టు పట్టుకున్నాడు.

ఈసారి కేక అసలైనది.

"దీనికీ కట్టుందే," అన్నాడు వీరభద్రం. "కృష్ణవేణీ, ఇంత తేడాగా అరిచాడంటే ఇది ఇంకా సీరియస్. రెండు చేతులూ పోయాయి వీడికి."

పొద్దుటినుంచి తిండి లేదు. ఎదురుగా పోపు వాసనతో పులిహోర. ఎడమ చెయ్యి నిజంగా పనిచెయ్యదు, కుడి చెయ్యి పనిచెయ్యకూడదు. కృష్ణవేణి స్పూన్‌తో అన్నం తీసి, "ఆ అనండి అంకుల్," అంది. కూతురి వయసు పిల్ల చేత తినిపించుకుంటుంటే సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. అయినా రెండోసారి కూడా నోరు తెరిచారు. ఆకలి అలాంటిది.

"డైలీ ఒకరం వచ్చి తినిపిస్తాం. గ్రూప్‌లో షెడ్యూల్ పెట్టేస్తాను," అంది కృష్ణవేణి. "తెర గురించి టెన్షన్ పడకండి. ఆల్మోస్ట్ అయిపోయింది కదా, మిగిలిన టచప్ పిల్లల చేత చేయిద్దాం. ఇదేనా?"

పొద్దున పడిపోయిన గుడ్డ చుట్ట గరాజ్ గుమ్మం దగ్గరే ఉంది. వద్దనేలోపు వీరభద్రం దాన్ని హాల్లో పరిచేశాడు. తెల్లగా, శుభ్రంగా, ఈ చివర నుంచి ఆ చివరకు గుడ్డ. ఎక్కడా పెన్సిల్ గీత కూడా లేదు.

ఆండాళ్ వంటింట్లోంచి వచ్చి ఆ గుడ్డ వంక చాలాసేపు చూసింది.

"చలికాలమంతా నేను గీకిన మంచు దీనికోసమా?" అంది మెల్లగా.

యోగానంద్ గారు తల ఎత్తలేకపోయారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. రోజూ కిటికీలోంచి ఆ గీకుడు చప్పుడు వింటూ దుప్పటి తల మీదకు లాక్కున్నది ఆయనకు గుర్తొచ్చింది.

ఇంతలో కృష్ణవేణి సోఫాలో కూలబడింది.

"అయితే మేం అయిపోయాం అంకుల్. మీకో విషయం చెప్పాలి. మీరు ఫినిష్ చేస్తారని మాకు నమ్మకం లేక, సీక్రెట్‌గా ప్రింటెడ్ తెర ఆర్డర్ చేశాం. ఇవాళ పొద్దున్నే వచ్చింది. చూడండి."

ఫోన్‌లో ఫొటో. అచ్చువేసిన వాళ్లు బొమ్మను అద్దంలోలా కుడి ఎడమలు తిరగేశారు. రాముడు ఎడమ చేత్తో అభయమిస్తున్నాడు. సీతమ్మ ఆయన కుడి పక్కకు వచ్చేసింది.

"కల్యాణంలో ఎడమ చేతి దీవెనా? పంతులుగారు పెళ్లి చెయ్యడానికి కుర్చీలోంచి లేవరు," అన్నాడు వీరభద్రం.

"అందుకే మీది తీసుకెళ్దామని పరిగెత్తుకొచ్చాం. మీకేమో రెండు చేతులూ..." అంటూ కృష్ణవేణి కళ్లు తుడుచుకుంది.

తనను నమ్మలేదన్న మాట యోగానంద్ గారికి గట్టిగానే గుచ్చుకుంది. కోప్పడదామంటే ఎదురుగా తెల్లగుడ్డ పరిచి ఉంది.

"చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది ఆండాళ్.

ఆయన మెడలోంచి జోలె తీసేశారు. కుడి చెయ్యి బయటకు తీసి, అందరూ చూస్తుండగా వేళ్లు ఆడించారు.

"ఈ చేతికేం కాలేదమ్మా. బొమ్మ వెయ్యలేదని చెప్పలేక కట్టుకున్నాను. క్షమించండి." అంత సిగ్గు ఆయన జీవితంలో ఎప్పుడూ పడలేదు.

"ఆ చేతికి బ్రష్ ఇస్తాను పట్టండి," అంది ఆండాళ్. "కారు ఇవాళ్టినుంచి లోపలుంటుంది. మీరు ఇంటి ముందు డ్రైవ్‌వేలో కూర్చుని వెయ్యండి, వీధిలో అందరూ చూస్తారు."

ఏప్రిల్ చలిలో, శాలువా కప్పుకుని, వచ్చేపోయేవాళ్లందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ ఆయన వారమంతా వేశారు. ఆ తెర ముందు కల్యాణం చక్కగా జరిగింది. రాముడు కుడి చేత్తోనే దీవించాడు. ఎడమ చెయ్యి ఇంకా పట్టీలోనే ఉన్న యోగానంద్ గారు వెనక వరసలో కూర్చుని, కుడి చేత్తో అక్షింతలు అందుకున్నారు.

రెండింట్లో ఒక చేతినైనా అంత త్వరగా బాగుచేసింది తానేనని వీరభద్రం ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.