పచ్చ లైటు వెలిగిన విహారయాత్ర

అంతర్జాతీయ సదస్సుకు వచ్చిన మనిషి రెండు రోజులు ప్రసంగాలు విని బతికి బట్టకడితే, మూడో రోజు అతణ్ణి సంతోషపెట్టి తీరాలన్నది నాగరిక ప్రపంచమంతా ఒప్పుకున్న సిద్ధాంతం. అతనికి ఇష్టమా కాదా అన్నది తర్వాతి సంగతి. (ఇష్టాన్ని కనుక్కోవడానికి వేరే కమిటీ ఉంది. అది ఇంకా సమావేశం కాలేదు.)

ఈసారి సదస్సు గిడ్డంగుల శాస్త్రం మీద. గోదాములో పెట్టిన సరుకు పెట్టినట్టే ఉందా, కాళ్ళొచ్చి నడిచిపోయిందా అని తేల్చే పండితులు దేశదేశాల నుంచి దిగారు. వాళ్ళకు ఊరు చూపించే భారం ఉల్లాస విభాగానిది. దానికి పెద్ద ఉల్లాసాధికారి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆ పని కింది సిబ్బందికి అప్పగించారని వినికిడి. ఆయన స్వయంగా రాసిన ఉల్లాస నియమావళి ప్రకారం ఒక్కో దృశ్యాన్ని చూడటానికి ఏడు నిమిషాలు, అందులో ఆశ్చర్యపోవడానికి రెండు. తీరిక వేళకు గైర్హాజరైతే సంజాయిషీ ఇవ్వాలి. విందులో అతిథులు పట్టలేని ఆనందంతో తమంతట తామే లేచి ఆడే నృత్యానికి ముందురోజే రిహార్సలు ఉంటుంది.

ఆ విభాగంలో ఒక అమ్మాయి పనిచేస్తోంది. ఆమె ఉద్యోగం టెంపరరీ. ఏళ్ళ తరబడి టెంపరరీగానే పర్మినెంటుగా ఉంది. ఆ అమ్మాయికి ఒక తల్లి. పాలు పొంగితే ఇల్లు కాలిపోతుందని, ఫోను మోగకపోతే ఎవరికో ఏదో అయిందని, మోగితే ఆ సంగతే చెప్పబోతున్నారని భయపడే మనిషి.

“రేపు యాత్రకి తీసుకెళ్ళినవాళ్ళందర్నీ లెక్క తప్పకుండా వెనక్కి తెస్తే పర్మినెంటు చేస్తానన్నారమ్మా సారు,” అంది అమ్మాయి ముందురోజు అన్నం తింటూ. “ఒక్క తల తగ్గినా ఎల్లుండి నుంచి రావద్దన్నారు.”

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. “తల తగ్గడమేంటే? నోట్లోంచి అలాంటి మాటలే వస్తాయా ఆ మనిషికి! నేనూ వస్తా.”

“నువ్వెందుకు?”

“తప్పిపోయేవాళ్ళు మొహం చూస్తే తెలిసిపోతారు నాకు. మీ నాన్నని బజార్లో ఎన్నిసార్లు వెతికి పట్టుకొచ్చానని!”

“నాన్న తప్పిపోలేదమ్మా. పారిపోయేవాడు.”

“ఏదైతేనేం, పట్టుకొచ్చానా లేదా?”

అదృష్టం కొద్దీ నియమావళిలో ‘తోడు వచ్చినవారు’ అనే వర్గం ఒకటుంది. ఈ ఏడు ఎవరూ తోడు రాలేదు. పండితులు ఇంట్లో చెప్పకుండా వచ్చారో, చెబితే ఇంట్లోవాళ్ళు దణ్ణం పెట్టారో తెలియదు. వర్గం ఖాళీగా ఉంటే రద్దవుతుంది. రద్దయితే దాన్ని చూసుకునే గుమాస్తా ఏం కావాలి? అలా తల్లి మెడలో కార్డు పడింది. ఎవరికి తోడు అన్న గడిలో ‘అందరికీ’ అని నింపారు.

ఇక లెక్క సంగతి. మనుషుల్ని లెక్కపెట్టడం కష్టం. కదులుతారు, వంగుతారు, ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. అందుకని ఉల్లాసాధికారి గోదాము పద్ధతి తెచ్చాడు. అతిథి మెడలో కార్డు, కార్డులో చిప్పు, బస్సు కప్పుకు యంత్రం. కార్డులన్నీ లోపలుంటే పచ్చ లైటు, ఒక్కటి తగ్గినా ఎర్ర లైటు. ముందు కార్లో కూర్చున్న ఉల్లాసాధికారి ఫోనులోనూ అదే లైటు. అమ్మాయి ఆయన పక్కన. వెనక బస్సు. లైటు చూస్తే చాలు, మజిలీల దగ్గర కారు దిగి మనుషుల్ని చూడక్కర్లేదు.

బస్సెక్కగానే తల్లి డ్రైవరును పరీక్షకు పెట్టింది.

“బాబూ, రాత్రి నిద్రపోయావా?”

“పడుకున్నానమ్మా.”

“పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరు. బ్రేకులున్నాయా?”

“ఉన్నాయమ్మా.”

“ఉంటే చాలదు, పడాలి. అవునూ, లోపలికి చూసే అద్దమేదీ?”

“తీసేశారు. అద్దముంటే యంత్రం మీద నమ్మకం లేనట్టుంటుందట.”

తల్లి వెళ్ళి చివరి సీట్లో, అందరి వీపులూ కనిపించేలా కూర్చుంది. ఒళ్ళో సంచి. అందులో టార్చి, ఉప్పూ పంచదారా పొట్లాలు, సూదీ దారం, గాయానికి పట్టీలు, ఎవరివైనా తెగితే పనికొస్తాయని ఒక జత చెప్పులు.

మొదటి మజిలీ మ్యూజియం. పగిలిన కుండల ముందు రెండు నిమిషాలు ఆశ్చర్యపోయాక ఒక పొడుగు పండితుడు తల్లి దగ్గరికి వచ్చి, మెడలోని కార్డు తీసి ఆమె చేతిలో పెట్టి, కళ్ళు మూసి, అరచేతి మీద తల వాల్చి చూపించాడు. ఆయన భాష ఈమెకు రాదు, ఈమె భాష ఆయనకు రాదు. అయినా నిద్రొస్తోందన్న పిల్లాడి వస్తువు పట్టుకోవడానికి ఏ తల్లికీ దుబాసీ అక్కర్లేదు. కార్డు సంచిలో వేసుకుంది. ఆయన టాక్సీ ఎక్కి హోటలుకు పోయాడు.

మిగతావాళ్ళు చూశారు. గోదాముల్లో లొసుగులు పట్టే వృత్తి కదా, వాళ్ళకొకరు చెప్పాలా? ఇద్దరు షాపింగుకు, ముగ్గురు ఈతకు, ఒకాయన ఊరికే. వరసగా కార్డులు సంచిలో పడ్డాయి. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన మాత్రం తిరిగి బస్సెక్కి కునుకు మొదలుపెట్టాడు.

బస్సు కదిలింది.

“ఆపు బాబూ! వాళ్ళెవరూ ఎక్కలేదు!”

“పచ్చ లైటమ్మా. పచ్చ పడ్డాక ఆగితే నాకు మెమో ఇస్తారు.”

“ఇంత బస్సులో ఇద్దరమే ఉన్నాం! నేనూ, ఆ కర్ర పెద్దాయనా!”

“యంత్రం అలా అనట్లేదు కదమ్మా.”

తల్లి ఫోను తీసింది. నంబరు నొక్కబోయి ఆగింది. చెబితే? లెక్క తప్పుతుంది. సారు మొహం చిట్లిస్తాడు. అమ్మాయికి మళ్ళీ ఇంటర్వ్యూలు, ఎదురుచూపులు, ఆ దిగులుతో తిండి మానేయడం, నీరసం, ఆసుపత్రి. పండితులు మాత్రం ఎక్కడో చల్లగా నిద్రపోతున్నారు. రోడ్డున పడబోయేది ఎవరో ఆమెకు తెలిసిపోయింది. ఫోను మూసి, సంచి రెండు చేతులా పొదివి పట్టుకుంది.

ఆ తర్వాత యాత్ర దివ్యంగా సాగింది. రికార్డు చేసిన గొంతు అన్ని భాషల్లోనూ ఖాళీ సీట్లకు ఊరి చరిత్ర వివరించింది. “కుడివైపు అతిథులు లేచి ఎడమవైపు వారికి అడ్డు రావద్దు,” అన్నప్పుడు తల్లి కదలకుండా కూర్చుంది. ఫౌంటెను దగ్గర ఎవరూ తడవలేదు. తోటలో ఎవరూ పువ్వు కోయలేదు. ఎక్కడా ఎవరూ ఆలస్యం కాలేదు. ఇంత క్రమశిక్షణగల బృందం విభాగం చరిత్రలోనే లేదని ఉల్లాసాధికారి కార్లో రెండుసార్లు అన్నాడట.

చివరి మజిలీ సముద్రపు గట్టు మీద లైట్‌హౌసు. సూర్యాస్తమయం, ఏడు నిమిషాలు. ఇంతసేపూ గురక పెడుతున్న కర్ర పెద్దాయన లేచి, తన కార్డూ సంచిలో పడేసి, వంగి నమస్కరించి, గట్టు వైపు నడిచాడు.

తల్లి కిటికీలోంచి తొంగి చూసింది. గట్టు. గాలి. ముసలి ప్రాణం. మూడో కాలు కూడా నమ్మకమైంది కాదు. ఇంతమందిని పోనిచ్చింది, ఒక్కడు నీళ్ళలో పడితే ఏ యంత్రమూ పచ్చగా వెలగదు. వెతకడానికి దిగింది. సంచి బరువు, సీట్లోనే పెట్టింది. మెడలో కార్డు గాలికి ఎగిరి కళ్ళకు కొడుతుంటే మెట్టు దగ్గర నుంచే వెనక్కొచ్చి, దాన్నీ తీసి సంచిలో వేసి పోయింది.

గట్టంతా వెతికింది. బండల కిందకు తొంగి చూసింది. “పెద్దాయనా!” అని ఆయనకు రాని భాషలో అరిచింది. గేటు దగ్గరి కాపలావాడు వచ్చి, “కర్రాయనా? అప్పుడే టాక్సీలో పోయాడమ్మా,” అన్నాడు.

అప్పుడే కింద మలుపు దగ్గర బస్సు వెనక భాగం కనిపించి, మాయమైంది.

చేతిలో ఫోను మోగింది. అమ్మాయి గొంతులో ఆనందం తన్నుకొస్తోంది.

“అమ్మా! అందరూ వచ్చేశారట! పచ్చ లైటే! సారు ఇప్పుడే సంతకం పెడతానంటున్నారు. నువ్వు బానే ఉన్నావుగా? ఒక్క నిమిషం, సారు మాట్లాడతారట. తోడు వచ్చినవాళ్ళ అభిప్రాయం కూడా రికార్డు చేయాలట.”

ఉల్లాసాధికారి గొంతు వచ్చింది. “నమస్కారమమ్మా. నియమం ప్రకారం అడుగుతున్నాను. ప్రస్తుతం బస్సులో సౌకర్యంగా ఉన్నారా?”

తల్లి చుట్టూ చూసింది. సూర్యుడు మునిగిపోయాడు. కాపలావాడు గేటుకు గొలుసు చుడుతున్నాడు. రోడ్డు మీద ఒక్క బండీ లేదు.

“ఉన్నానండీ,” అంది. “కిటికీ పక్క సీటు. గాలి బాగా వస్తోంది.”

“సంతోషం. సంతృప్తి చెందినట్టు రాసుకుంటున్నాను.”

ఫోను ఆగిపోయింది. కాపలావాడు తాళం చెవి జేబులో వేసుకుంటూ, “కంగారుగా ఉన్నారు, ఎవరైనా తప్పిపోయారామ్మా?” అన్నాడు.

“లేదు బాబూ,” అంది తల్లి. “లెక్క సరిపోయింది.”