మసాఫీలో విశ్రాంతి

ఆ శుక్రవారానికి గంగాప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బట్టలు లాండ్రీలో ఇవ్వాలి, టీ తాగాలి, సాయంత్రం దాకా కాళ్లు చాపుకుని పడుకోవాలి. అది కూడా సొంత పథకం కాదు, ముదీర్ ఆజ్ఞ.

ముదీర్ అంటే దుబాయ్‌లో అతని ఆఫీసు మేనేజరు, ఇంగ్లండ్ మనిషి. దుబాయ్ సముద్రం నుంచి ఫుజైరా సముద్రం దాకా, మధ్యలో బండి అన్నది ఎక్కకుండా నడుస్తానని ఆఫీసంతా చాటాడు. తోడు ఎవరొస్తారని అడిగితే అందరూ కంప్యూటర్లలోకి చూశారు. గంగాప్రసాద్ ఒక్కడే లేచి నిలబడ్డాడు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతను. పైవాళ్లు అడిగింది కాదనడం అతనికి ఎవరూ నేర్పలేదు. పైగా ఆ నెలాఖరుకు అతని వీసా అయిపోతోంది. ఇంకో మూడేళ్ల రెన్యూవల్ కాగితం మీద ముదీర్ సంతకం పడాలి. "నడక అయ్యాక చూద్దాం" అన్నాడాయన. జగిత్యాల దగ్గర ఊళ్లో ఇంటిల్లిపాదీ ఆ సంతకాన్ని నమ్ముకునే అన్నం తింటున్నారు.

ఇసుకలో నడిచి, కొండల్లో నడిచి, మసాఫీ అనే చిన్న ఊరు చేరేసరికి ఇద్దరి పాదాలూ బొబ్బలెక్కాయి. దూరం నడిచేవాళ్లు మధ్యలో ఒకరోజు ఊళ్లో ఆగితీరాలని, ఆ రోజు బూట్లు ముట్టకూడదని, ఉన్న బట్టలన్నీ ఉతికించుకోవాలని ముదీర్ ప్రకటించి లాడ్జిలో ముసుగు తన్నాడు.

గంగాప్రసాద్ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించాడు. లుంగీ, హవాయి చెప్పులు వేసుకుని, ఉన్న బట్టలన్నీ లాండ్రీలో ఇచ్చాడు. లాడ్జికి తిరిగొస్తే గదికి తాళం. రోజంతా పడుకుంటానన్న ముదీర్ లేడు, తాళంచెవి లేదు, ఫోను లోపల చార్జింగులో ఉంది. సరే, కాసేపు కూర్చుందామని మెట్ల మీద చతికిలబడి, అలవాటుగా జేబు తడుముకున్నాడు. లుంగీకి జేబెక్కడిది? బతాకా ప్యాంటులో ఉంది. ప్యాంటు లాండ్రీలో ఉంది.

బతాకా అంటే లేబర్ కార్డు. అది దగ్గర లేకుండా పోలీసుకు దొరికితే ఏమవుతుందో క్యాంపుల్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. అతను కుంటుకుంటూ పరుగెత్తాడు. అప్పటికే జుమ్మా నమాజుకని లాండ్రీ షట్టరు దించేశారు. సాయంత్రం గానీ తీయరట.

గడ్డం పెరిగిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, కుంటి నడక, లుంగీ. అద్దాల తలుపులో తన నీడ చూసి తనకే అనుమానం వచ్చింది. సరిగ్గా అప్పుడు పక్కనున్న కేఫ్‌టేరియాలోంచి తెలుగు వినిపించింది. ప్రాణం లేచొచ్చి లోపలికి దూరాడు.

కేఫ్‌టేరియా నడిపేది కడప జిలానీ బాషా. టీ పోస్తూ, చెప్పుల్లోని ఆ బొబ్బలను కాసేపు చూశాడు.

"యాడ్నుంచి వస్తాండావు నాయనా?"

"దుబాయ్ కెల్లి అన్నా. నడుసుకుంట వచ్చిన."

"బండ్లు దొరకల్యా?"

"దొరుకుతయ్. ఎక్కద్దని మా ముదీర్ చెప్పిండు."

"బతాకా ఉండాదా?"

"ప్యాంట్ల ఉంది."

"ప్యాంటు యాడ?"

గంగాప్రసాద్ లుంగీ కాళ్ల మీదికి లాక్కున్నాడు.

"మరి రేపు ఏం చేస్తావు?"

"మల్ల నడుస్త. ఫుజైరా దాక."

"ఎందుకు?"

"ఊకెనే అన్నా."

జిలానీ బాషా గ్లాసు కింద పెట్టాడు. "ఈ దేశంలో ఊరికే ఎవురూ నడవరు నాయనా," అన్నాడు మెల్లగా.

కఫీల్ దగ్గర్నుంచి, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాల్లేకుండా తిరిగేవాళ్లను అక్కడ ఖల్లివల్లి అంటారు. ఎడారి తోటల్లోంచి రోజుల తరబడి నడిచి వచ్చిన అలాంటి వాళ్లకు జిలానీ బాషా అంతకుముందు కూడా రొట్టె పెట్టాడు. ఈ మనిషిని గురించి మాత్రం ఇంకా కాస్త అనుమానం మిగిలింది. ఆ అనుమానాన్ని పోలీసు జీపు తీర్చేసింది.

జీపు కేఫ్‌టేరియా ముందు ఆగి, గట్టిగా హారన్ కొట్టింది. ఆ దేశంలో కారు దిగకుండా టీ తెప్పించుకునే పద్ధతి అదేనని గంగాప్రసాద్‌కూ తెలుసు. అయినా ఆ హారన్ తన పేరే పిలిచినట్టు అనిపించి, ఉల్లిగడ్డ బస్తాల వెనక్కి దూకాడు. టీ అందించి తిరిగొచ్చిన జిలానీ బాషా బస్తాల వెనక వణుకుతున్న లుంగీని చూశాడు. ఇక అడగాల్సిందేమీ లేదనుకున్నాడు.

పోలీసులు తాపీగా టీ తాగుతుండగానే ఇంకో ఆపద వచ్చింది. బస్తాల సందులోంచి గంగాప్రసాద్ చూస్తుండగా ముదీర్ లోపలికొచ్చాడు. చెయ్యి రోడ్డు వైపు చూపిస్తూ, బస్తాల వెనక్కి వినపడనంతగా గొంతు తగ్గించి ఏదో అడిగాడు. జేబులోంచి నోట్లు కూడా తీశాడు. జిలానీ బాషాకు ఇంగ్లీషు రాదు, కానీ నోట్లు పట్టుకుని గుసగుసలాడే కఫీళ్లు అతనికి కొత్త కాదు. లేడు లేడని చేతులు ఊపి పంపించేశాడు.

"నిన్ను పట్టిస్తే దుడ్లిస్తాడంట," అన్నాడు బస్తాల వెనక్కి వంగి.

గంగాప్రసాద్‌కు విషయం అర్థమైపోయింది. అంటే ముదీర్ గదికెళ్లి చూశాడు, తాను పారిపోయాననుకున్నాడు, ఇక కంపెనీ సర్కారుకు అలాగే రాసిపంపుతుంది. "అన్నా, నన్ను పోనీ. ఆయనే నాకు సంతకం పెట్టాలె," అంటూ లేవబోయాడు.

"అందురికీ అట్లే చెప్తారు నాయనా, సంతకం పెడతామని," అంటూ జిలానీ బాషా అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. "బయట పోలీసులుండారు. బతాకా లేదు. యాడికి పోతావు?"

గంగాప్రసాద్ మళ్లీ బస్తాల వెనక్కి జరిగాడు.

పది నిమిషాల్లో గంగాప్రసాద్ వెనక తలుపులోంచి కోళ్ల బండిలోకి చేరాడు. దాన్ని తోలే హబీబుల్లా పెషావర్ మనిషి, రోజూ ఫుజైరాకు కోళ్లు చేరవేస్తాడు. అక్కడ తన బామ్మర్ది దాచిపెడతాడని, ఈ ఏడు సర్కారు క్షమాభిక్ష ఇస్తుందంటున్నారని, అందాకా తల బయటపెట్టొద్దని జిలానీ బాషా చెప్పి, చేతిలో రొట్టెల పొట్లం పెట్టి, పైన టార్పాలిన్ కప్పాడు. కష్టపడి చదివిన బీకాం కోళ్ల పెట్టెల మధ్య ముడుచుకుని పడుకుంది.

బండి కదిలింది. చీకటి, కోళ్ల కంపు, కొండ మలుపులు. తాను ఏ నేరమూ చేయలేదని గంగాప్రసాద్ మొదట తనకు తాను చెప్పుకున్నాడు. కొంతసేపటికి ఆ సంగతి తనకే నమ్మకంగా తోచలేదు. నేరం చేయనివాడు కోళ్ల బండిలో ఎందుకు దాక్కుంటాడు? వేలిముద్రలు, జైలు, చేతిలో ప్లాస్టిక్ సంచితో విమానం దిగడం, ఇంటి గుమ్మంలో నాన్న ముఖం వరసగా కళ్లముందు తిరిగాయి.

ఊరు దాటాక బండి ఠక్కున ఆగింది.

బయట మాటలు వినిపించాయి. ఎవరో వెనక్కి నడిచొస్తున్నారు. పోలీసు చెక్కింగే. గంగాప్రసాద్ కళ్లు గట్టిగా మూసుకుని రెండు చేతులూ పైకెత్తాడు. టార్పాలిన్ లేచింది. వెలుతురు పడింది. ఎవరో మూలుగుతూ పైకెక్కి, ఎదురుగా ఉన్న పెట్టె మీద కూలబడ్డారు.

కళ్లు తెరిచి చూస్తే ముదీర్.

బూట్లు చేతిలో ఉన్నాయి. పాదాలకు లాడ్జి తువ్వాలు చుట్టి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కోళ్లు ఇద్దరినీ చూశాయి.

"గుడాఫ్టర్నూన్ సర్," అన్నాడు గంగాప్రసాద్ చేతులు దించకుండానే.

ముదీర్ పాదాలకు చుట్టిన తువ్వాలు బిగించుకున్నాడు. తర్వాత తనంతట తనే చెప్పుకున్నాడు. ఇక అడుగు పడడం లేదట. ఆ మాట ఆఫీసులో ఎలా చెప్పాలో తెలియక, గుట్టుగా ఫుజైరా చేరుకుని, హుషారు పుట్టి విశ్రాంతి మానేసి ముందే నడిచేశానని చెప్పేద్దామనుకున్నాడట. పొద్దున్నుంచీ ఊరంతా బండి కోసమే తిరిగాడట. టీకొట్టు వాడైతే డబ్బు చూపించినా గెంటేశాడట. చివరికి రోడ్డు మీద చెయ్యెత్తితే ఈ కోళ్ల బండి ఆగిందట. నువ్వెందుకు ఇక్కడున్నావని మాత్రం ఆయన అడగలేదు. అడిగితే ఇద్దరూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుందనుకున్నాడేమో.

ఫుజైరా దగ్గరపడుతుండగా గొంతు సవరించుకుని, వీసా కాగితం ఆదివారం పొద్దున్నే తన బల్ల మీద ఉండాలన్నాడు.

ఊరి బయట దిగి, సముద్రం దాకా నడిచి ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటో ఆఫీసు రిసెప్షన్‌లో చాలాకాలం వేలాడింది. అందులో గంగాప్రసాద్ లుంగీలో ఉంటాడు, ముదీర్ టోపీకి చిన్న తెల్ల ఈక ఉంటుంది. ఆఫీసులో ఎవరూ ఆ ఈక గురించి అడగలేదు. ముదీర్ టోపీ కదా.

ఆదివారం సంతకం పడింది. సోమవారం గంగాప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసు కారులో ప్యాంటు కోసం మసాఫీ వెళ్లాడు. జిలానీ బాషా అతన్ని చూశాడు, వెనకున్న కంపెనీ కారును చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"దొరికిపోయినావా నాయనా?"

గంగాప్రసాద్ అవునని, ఇంకో మూడేళ్లకు దొరికానని చెప్పాడు.