హంపేశ్ వినడం నేర్చిన విధం

బళ్ళారిలో నాయకులు పుట్టరు. శనివారం పొద్దున ఏసీ హాల్లో, ఉప్పిట్టు అనే ఉప్మా తిన్న తరువాత తయారవుతారు. (ఉప్పిట్టు అయిపోయాక వచ్చినవారు సహాయ నాయకులు.) జీన్స్ ఉతికే యూనిట్‌లో కొత్తగా సూపర్‌వైజరైన హంపేశ్ కూడా అలాగే తయారయ్యాడు.

తయారుచేసింది బెంగళూరు నుంచి వచ్చిన నాయకత్వ వికాస అధికారిణి తనూజ మేడమ్. ఆమె బోధించిన సూత్రం ఒక్కటే: ఉత్తమ నాయకుడు జవాబు చెప్పడు. ప్రశ్న అడిగి, తల ఊపుతూ వింటాడు. అలా వినని సూపర్‌వైజర్లను తిరిగి మిషన్ల దగ్గరికి పంపిస్తానని యజమాని విక్రమ్ ఎంతో ఆప్యాయంగా చెప్పాడు. ఏళ్ళ తరబడి ఆ మిషన్ల తడిలో నిలబడి వచ్చిన హంపేశ్ సూత్రాన్ని రెండుసార్లు రాసుకున్నాడు.

సోమవారం హులిగెమ్మ వచ్చింది. ప్యాంట్లకు రంగు పోగొట్టే మందు కొట్టడం ఆమె పని. హంపేశ్‌కు ఆ పని నేర్పింది కూడా ఆమే.

"గ్లౌజులు చినిగిపోయినాయి హంపేశప్పా. చేతులు మండుతాండాయి. కొత్తవి ఎప్పుడిస్తావు?"

"రేపే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"మండుతాంటే నీకేమనిపిస్తాంది అక్కా?"

"మండుతాండాదనిపిస్తాంది."

హంపేశ్ తల ఊపాడు.

"ఊపింది చాల్లే. గ్లౌజులు యాడ?"

"యాడుంటాయని నువ్వనుకుంటాండావు?"

హులిగెమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఒంట్లో బాగుండాదా నాయనా?" అని అడిగి వెళ్ళిపోయింది. (ఈ ప్రశ్నను మేడమ్ తన నివేదికలో 'కార్మికుల్లోనూ నాయకత్వ లక్షణాలు' అనే శీర్షిక కింద చేర్చారు.)

ఆ తరువాత యూనిట్‌లో రోజూ మధ్యాహ్నం 'శ్రవణ వేళ' మొదలైంది. టోకెన్ తీసుకుని వరుసలో నిలబడితే హంపేశ్ వింటాడు. విన్న ఫిర్యాదును తీరిన ఫిర్యాదుగా పరిగణించాలని నియమం వచ్చింది. దాంతో నెల తిరిగేసరికి యూనిట్‌లో తీరని ఫిర్యాదంటూ లేకుండా పోయింది.

మనుషులు కూడా పోసాగారు. ఒకనాడు గేటు దగ్గర టిఫిన్ డబ్బాతో హులిగెమ్మ ఎదురైంది.

"ఏందక్కా, పోతాండావా?"

"పక్క వీధి యూనిట్‌కప్పా. ఆడి మేస్త్రీ నోరు మంచిది కాదు. తిడతాడు. తిట్టి గ్లౌజులిస్తాడు."

ఉండక్కా, నేనిప్పిస్తా అనాలనిపించింది హంపేశ్‌కు. కానీ ఆమె సందు మలుపు తిరిగేదాకా తల ఊపుతూనే నిలబడ్డాడు.

ఆర్డర్లు ఆగిపోయాయి. విక్రమ్ వెంటనే రెండో శిక్షణ ఏర్పాటు చేశాడు. 'మనుషులు ఎందుకు వెళ్ళిపోతారు?' అని బోర్డు మీద రాసి, మేడమ్ హాలంతా కలయజూశారు. హంపేశ్ ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"గ్లౌజులు ఇయ్యలేదు మేడమ్. అందుకే పోయినారు."

విక్రమ్ సెల్‌ఫోన్ పక్కన పెట్టాడు. మేడమ్ కళ్ళు మెరిశాయి.

"అద్భుతం! గ్లౌజులు! ఎంత చక్కని ఉపమానం!" అంటూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'భావోద్వేగ రక్షణ.'

అందరూ రాసుకున్నారు.