యూరియాలో క్లోరిన్

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పదహారేళ్ళుగా తాత్కాలికంగా పనిచేస్తున్న డెమాన్‌స్ట్రేటరు ఆ ఉదయం ఒక్కటే అనుకుని బయలుదేరాడు: ప్రాక్టికల్ పరీక్ష అయ్యేదాకా నోరు మెదపకూడదు. ఆయన్ని పర్మనెంటు చేసే ఫైలు ప్రిన్సిపాల్ బల్లమీద ఉంది. పరీక్షకొచ్చిన పాతికమందిలో తన కూతురూ ఉంది.

డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం చెడిపోయి నెలయింది. "నీళ్ళు నీళ్ళేనయ్యా, కుళాయిలోంచి పట్టించేశాను," అన్నాడు ప్రిన్సిపాల్. డెమాన్‌స్ట్రేటరు కుక్కిన పేనులా ఊరుకున్నాడు.

ఇచ్చిన పొడిలో ఏయే మూలకాలున్నాయో కనిపెట్టాలి. పిల్లలు దాన్ని సోడియంతో కలిపి గాజుగొట్టంలో ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, వడకట్టారు. నీలిరంగు తేలింది, నైట్రోజన్ ఉందన్నమాట. అంతవరకూ బాగానే ఉంది. క్లోరిన్ జాడ చెప్పే సిల్వర్ నైట్రేట్ చుక్క పడగానే మాత్రం అందరి గొట్టాలూ పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. ఇరవైనాలుగుమంది "క్లోరిన్" అని రాసేశారు. డెమాన్‌స్ట్రేటరు కూతురు మాత్రం ఇంకా ఏదో రాస్తూనే ఉంది.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు కళ్ళెర్రజేశాడు. "నేనిచ్చింది యూరియా! అందులో క్లోరిన్ ఎక్కణ్ణించి ఊడిపడింది? అంతా కాపీ!"

"కాపీ కాద్సార్, కళ్ళముందే వచ్చింది!" అని అరిచారు పిల్లలు.

గోల విని ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు. కాపీ అంటే కాలేజీ పరువు పోతుంది. నీళ్ళంటే తన పరువు పోతుంది. "పొడిలోనే కల్తీ ఉందేమో సార్?" అన్నాడు. ఆ పొడి తన సంచిలో వేసుకొచ్చింది ఎగ్జామినరే. ఆయన సంచిని బల్లకిందికి తోసేశాడు.

ఇద్దరూ గదిలో కూర్చుని టీ తాగేసరికి రాజీ కుదిరింది. ఇచ్చింది యూరియా కాదు, క్లోరిన్ ఉన్న మరేదో. జవాబుల కాగితం మారిపోయింది.

"ఇక్కడో సంతకం పెట్టవయ్యా. అది పెడితే నీ ఫైలు మీద నేనూ పెడతా," అన్నాడు ప్రిన్సిపాల్.

డెమాన్‌స్ట్రేటరు పెట్టాడు.

ఇరవైనాలుగుమంది పాసయ్యారు. తప్పిన ఒక్క పిల్ల కాగితంలో ఇలా ఉంది: "ఉత్త నీళ్ళలోనూ సిల్వర్ నైట్రేట్ వేసి చూశాను. అవీ తెల్లబడ్డాయి. క్లోరిన్ నీళ్ళలోనిది, పొడిలోది కాదు." అలా ఉత్త నీళ్ళతో సరిచూసుకోమని ఆ పిల్లకి నేర్పింది వాళ్ళ నాన్నే.

సాయంత్రం జేబులో ఉత్తర్వుతో ఆయన ఇల్లు చేరేసరికి కూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాన్నా, నిజం చెప్పు. యూరియాలో క్లోరిన్ ఉందా?"

ఆయన వంగి చెప్పులు విప్పుకున్నాడు.

"నువ్వు పాసయ్యేదాకా ఉందమ్మా."